మెదడులో గడ్డ అన్నారు: ఆపరేషన్ ఎక్కడ, కరెంటు ఎక్కడ? గుంటూరు, విజయవాడ కుటుంబాల కోసం

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేశారు. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయో, ఏ రైతుకి ఎంత ధర పడిందో కాగితం చూడకుండా చెప్పేవారు. ఒక సీజన్లో మాటలు తప్పడం మొదలైంది. తాళంచెవిని చూపించి "అదీ... అదే" అని ఆగిపోయేవారు. వయసు మీద పడిందనుకున్నాం. నెల తిరక్కుండా ఒక తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. మర్నాడు ఎంఆర్ఐ తీస్తే ఎడమ వైపు గడ్డ ఉందన్నారు.

ఆ సాయంత్రం ఇంటినిండా చుట్టాలే. బాబాయి హైదరాబాద్ తీసుకెళ్దామన్నారు. మేనత్త వెల్లూరు పేరు చెప్పింది. పక్కింటాయన పెద్దాసుపత్రిలోనే ఉచితంగా చేస్తారన్నారు. అందరూ అడిగింది ఒకటే: "ఏ ఆసుపత్రి?" ఆ ప్రశ్నతోనే మేం పది రోజులు తిరిగాం. నిజానికి అందులో నాలుగు ప్రశ్నలున్నాయి. ఆపరేషన్ ఎవరి చేత చేయించాలి, తీసిన ముక్కకి పరీక్షలు ఎక్కడ చేయించాలి, కరెంటు (రేడియేషన్) ఎక్కడ పెట్టించాలి, మాత్రలకీ ఆ తర్వాతి చూపులకీ ఎవరి దగ్గర ఉండాలి. నాలుగింటికీ ఒకే ఆసుపత్రి అయితే సుఖమే, కానీ అలాగే ఉండాలన్న రూలేమీ లేదు. ఈ సంగతి మాకు మొదటి రోజే తెలిసుంటే బాగుండేది. నేను డాక్టర్ని కాదు. రెండేళ్లు ఫైలు మోసిన కొడుకుగా, అడిగి తెలుసుకున్నవి చెబుతున్నాను.

గడ్డ అనగానే క్యాన్సర్ కాదు

ఎంపికకి ముందు ఇది తేలాలి. మెనింజియోమా అనేది మెదడు పైపొరల్లో పుట్టే గడ్డ, చాలావరకు క్యాన్సర్ కాదు. చిన్నదై, ఏ ఇబ్బందీ పెట్టకపోతే కోయకుండా కొన్ని నెలలకోసారి స్కాన్ తీసి కనిపెట్టుకుని ఉండటమే వైద్యం. మన దేశంలో క్షయ వల్ల మెదడులో వచ్చే గడ్డలు, బద్దెపురుగు తిత్తులు కూడా తక్కువేం కాదు. స్కాన్లో ఇవి కొన్నిసార్లు క్యాన్సర్‌లాగే కనబడతాయి, మందులతో తగ్గుతాయి. ఇక ఊపిరితిత్తుల్లోనో రొమ్ములోనో మొదలై మెదడుకి పాకిన క్యాన్సర్ వేరు. పెద్దవాళ్లలో మెదడులోనే పుట్టిన క్యాన్సర్ కంటే ఇలా పాకి వచ్చేదే ఎక్కువ. దానికి దారే వేరు, కాబట్టి ఛాతీ, పొట్ట స్కాన్ కూడా రాస్తే "తలలో గడ్డకి ఇదెందుకు" అనకండి.

మెదడులోనే పుట్టే వాటిలో గ్లయోమాలు (నరాల కణాలకి ఆసరాగా ఉండే కణాల్లో పుట్టేవి) ముఖ్యం. వీటికి 1 నుంచి 4 వరకు గ్రేడులు, అంకె పెరిగేకొద్దీ ఉద్ధృతంగా పెరిగే రకం. 4లో ఎక్కువగా వినబడే పేరు గ్లయోబ్లాస్టోమా. మా నాన్నకి వచ్చింది అదే.

ఎంత తొందర?

మత్తుగా పడి ఉండటం, ఆగని వాంతులు, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం, ఫిట్స్ ఆగకుండా రావడం... ఇవి ఉంటే పోలికలు, సలహాలు పక్కనపెట్టి దగ్గర్లో న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. హైదరాబాద్ రోడ్డు ఎక్కే సమయం కాదది. ఇంట్లో ఫిట్స్ వస్తే మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, ఎన్ని నిమిషాలు వచ్చిందో గడియారం చూడండి. మా ఇంట్లో ఎవరో చేతిలో తాళాలగుత్తి పెట్టారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి.

మనిషి నడుస్తూ, మాట్లాడుతూ ఉంటే మాత్రం చాలా సందర్భాల్లో కొన్ని రోజుల గడువు ఉంటుంది. మేం మొదట వెళ్లిన ఒక ఆసుపత్రిలో "ఈ రాత్రికే అడ్వాన్సు కట్టండి, రేపు పొద్దున్నే చేయకపోతే మా బాధ్యత లేదు" అన్నారు. అమ్మ గాజులు తీయబోయింది. అదే రాత్రి ఇంకో సర్జన్‌కి స్కాన్ చూపిస్తే, వాపు తగ్గడానికి డెక్సామెథాసోన్, ఫిట్స్‌కి లెవెటిరాసెటామ్ రాసి, "వారంలోపు తేల్చుకోండి, ఈ రాత్రి నిద్రపోండి" అన్నారు. రెండు రోజుల్లో నాన్న మాట కాస్త తేరుకుంది. రెండో డాక్టర్‌ని అడగడం మొదటి డాక్టర్‌ని అవమానించడం కాదు. స్కాన్ సీడీ మీదే, అడిగి తీసుకోండి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు.

డెక్సా గురించి ఒక మాట. షుగర్ పెంచుతుంది, నిద్ర పోగొడుతుంది, ఆకలి విపరీతంగా చేస్తుంది. రాత్రి డోసు కాకుండా పొద్దునా మధ్యాహ్నం వేసుకోవచ్చేమో అడగండి. సొంతంగా ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం. ఇంకొకటి: స్కాన్ చూసి లింఫోమా (తెల్లరక్తకణాల్లో పుట్టే క్యాన్సర్) అనుమానం ఉందంటే, అత్యవసరం కానప్పుడు ముక్క తీయకముందు డెక్సా ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడతారు. ఆ మందుతో గడ్డ తాత్కాలికంగా కరిగిపోయి పరీక్షలో ఏమీ దొరక్కపోవచ్చు.

ఆపరేషన్: ముక్క తీయడమా, గడ్డంతా తీయడమా?

గ్లయోమా అయితే, మాటకీ కదలికకీ దెబ్బ తగలకుండా ఎంత తీయగలిగితే అంత తీయడం మేలు. లోతుగా ఉన్నా, రెండు వైపులకీ పాకినా, మనిషి బాగా నీరసించి ఉన్నా చిన్న రంధ్రం పెట్టి ముక్క మాత్రం తీస్తారు. లింఫోమా అయితే మొత్తం తీయక్కర్లేదు, ముక్కతో ఖాయం చేసుకుని మందులతో వైద్యం చేస్తారు. "ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది" అన్న భయంతో పరీక్ష మానేయకండి. ఏ గడ్డో తెలియకుండా వైద్యం మొదలుపెట్టడమే పెద్ద ప్రమాదం.

గడ్డ మాట్లాడే భాగం పక్కనే ఉంటే మెలకువగా ఉంచి ఆపరేషన్ చేసే పద్ధతి ఉంది. వినగానే గుండె జారుతుంది. కానీ మెదడుకి నొప్పి తెలియదు. పై చర్మానికి మత్తిచ్చి, మనిషి చేత మాట్లాడిస్తూ, మాట తడబడిన చోట ఆగుతారు. నాన్నకి అలాగే చేశారు. లోపల ఆయన చేత మిర్చి రకాల పేర్లు చెప్పించారట. తేజ, బాడిగ, నంబర్ 5... ఒక పేరు దగ్గర ఆగిపోతే సర్జన్ ఆ పక్కకి ఇక వెళ్లలేదు.

అన్ని గడ్డలకీ ఇది అవసరం లేదు. అవసరమైన గడ్డకి మాత్రం అది చేసి అలవాటున్న సర్జన్, మత్తు డాక్టర్ ఇద్దరూ ఒకేచోట ఉండాలి. ఇక్కడే ఊరు దాటాలా వద్దా అన్నది తేలుతుంది. మెనింజియోమా, పైపైన ఉన్న గడ్డలు మన దగ్గర చేయించుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. గుంటూరు పెద్దాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్, గుంటూరు, విజయవాడ, తాడేపల్లిలోని ప్రైవేటు ఆసుపత్రులు... వీటిని మొదట అడిగి చూసి, తర్వాతే హైదరాబాద్ నిమ్స్ అయినా, బెంగళూరు నిమ్హాన్స్ అయినా, వెల్లూరు సీఎంసీ అయినా. పేరు చూసి కాదు, ఈ ప్రశ్నలకి వచ్చే జవాబు చూసి ఎంచుకోండి. ఇలాంటి గడ్డలు నెలకి ఎన్ని చేస్తారు? న్యూరో నావిగేషన్ (స్కాన్ ఆధారంగా గడ్డకి దారి చూపే పరికరం) ఉందా? ఆపరేషన్ మధ్యలోనే ముక్క చూసి చెప్పే పాథాలజిస్టు ఉంటారా? రాత్రి రెండు గంటలకి తలలో రక్తం చేరితే ఐసీయూలో ఎవరుంటారు? ఆపరేషన్ అయ్యాక రెండు మూడు రోజుల్లోపు ఎంఆర్ఐ తీస్తారా? ఎంత మిగిలిందో చెప్పేది ఆ స్కానే. ఆలస్యమైతే ఆపరేషన్ గాయం ఏదో, మిగిలిన గడ్డ ఏదో విడదీయడం కష్టం.

సూటిగా జవాబు చెప్పి, "ఇది నా దగ్గర వద్దు, ఫలానా చోటికి వెళ్లండి" అన్న డాక్టర్ ఒకరు మాకు దొరికారు. ఆయన్ని నేను జన్మలో మరచిపోను.

ప్రభుత్వమా, ప్రైవేటా అన్న మీమాంసకి నాకు తోచింది ఇది. ఎయిమ్స్‌లో ఓపీ చీటీ 10 రూపాయలే, పెద్దాసుపత్రిలో అదీ లేదు. ఇబ్బందల్లా వరుసలోనే. గ్రేడు తక్కువ గడ్డకి కొన్ని వారాలు ఆగినా పెద్దగా నష్టం ఉండదు, గ్రేడు 4 అనుమానం ఉంటే ఆగకూడదు. ఆపరేషన్ తేదీ ఎప్పుడిస్తారని మొదటి రోజే అడగండి. అది దూరంగా ఉంటే అప్పుడు ప్రైవేటు గురించి ఆలోచించండి.

ముక్క రిపోర్టు: అందరూ తేలిగ్గా తీసుకునేది

ఆపరేషన్ బాగా అయింది కదా అని ఊపిరి పీల్చుకుంటాం. అసలు దారి చూపేది ఈ రిపోర్టు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెదడు గడ్డల పేర్లని సవరించింది. మైక్రోస్కోపులో కనబడేదొక్కటే ఇప్పుడు చాలదు, జన్యువుల మార్పులు కూడా చూడాలి. ఐడీహెచ్ అనే మార్పు ఉంటే అది గ్లయోబ్లాస్టోమా కాదు, సాధారణంగా నెమ్మదిగా పెరిగే రకం. ఐడీహెచ్ మార్పుతో పాటు 1పీ/19క్యూ భాగాలు రెండూ లేకపోతే ఒలిగోడెండ్రోగ్లయోమా. మందులకి బాగా లొంగుతుంది, పదేళ్లు దాటి బతికేవాళ్లు చాలామంది. ఎంజీఎంటీ అనే జన్యువు మీద మిథైలేషన్ అనే మార్పు ఉందంటే టెమోజోలమైడ్ అనే క్యాన్సర్ మాత్ర బాగా పనిచేసే అవకాశం ఎక్కువ. "గ్లయోమా, హై గ్రేడ్" అని ఒక్క ముక్కలో రాసిన రిపోర్టు పట్టుకుని కరెంటుకి వెళ్లకండి. పూర్తి రిపోర్టు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.

స్థానికంగా చేయలేని పరీక్షని పెద్ద ల్యాబులకి పంపుతారు. పంపేది మైనంలో పొదిగిన ముక్కని, దాన్నే బ్లాక్ అంటారు. అగ్గిపెట్టె కంటే చిన్న ప్లాస్టిక్ గూడు, మీద పెన్సిల్‌తో నంబరు. నాన్న జబ్బంతా నా అరచేతిలో ఇంతే కదా అనిపించింది. కానీ దాన్ని తెచ్చుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఒక చోట సంతకం చేసేవాళ్లు సెలవు, ఇంకో రోజు రిజిస్టరు దొరకలేదు. అలా తొమ్మిది రోజులు వైద్యం ఆగింది. అందుకే డిశ్చార్జి రోజే స్లైడ్లు, బ్లాకులు ఎప్పుడిస్తారో రాయించుకోండి. ఇంటికి తెచ్చాక ఎండలో, కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి. మన మే నెల ఎండకి మైనం నిలవదు.

కరెంటు: ఇల్లే గెలుస్తుంది

రేడియేషన్‌ని మనవాళ్లు కరెంటు అంటారు. నొప్పి ఉండదు, షాకూ ఉండదు. గ్లయోబ్లాస్టోమాకి మామూలుగా 60 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) మోతాదుని 30 సిట్టింగులుగా ఇస్తారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఆరు వారాలు. గాయం మానాక, సాధారణంగా ఆపరేషన్ అయిన మూడు నుంచి ఆరు వారాల మధ్య మొదలవుతుంది.

మొదట మాస్కు చేస్తారు. తెల్లటి ప్లాస్టిక్ వలని వేడినీళ్లలో మెత్తబరచి ముఖం మీద పరిచి, గడ్డం, ముక్కు పక్కన వేళ్లతో అదుముతారు. చల్లారేసరికి ఆ మనిషి ముఖమే అందులో దిగిపోతుంది. రోజూ ఆ మాస్కుని బల్లకి బిగిస్తారు, తల వెంట్రుకవాసి కదలకూడదని. మొదటి రోజు నాన్న బయటికొచ్చి చెంపలు తడుముకున్నారు. వల అచ్చులు పడి ఉన్నాయి. ఐదారు రోజులకి అలవాటైంది. మూడో వారంలో తలగడ మీద జుట్టు రాలడం చూసి అమ్మ ఏడ్చింది. అది ముందే చెప్పి ఉంచండి.

ఇప్పుడు లెక్క వేయండి. ఒక్కో సిట్టింగు పావుగంట. హైదరాబాద్‌లో చేయిస్తే ఆ పావుగంట కోసం ఆరు వారాలు గది అద్దె, హోటల్ తిండి, ఒక మనిషి జీతం పోవడం. గుంటూరులోనో విజయవాడలోనో అయితే పొద్దున ఇడ్లీ తిని వెళ్లి పదకొండింటికి ఇంటికొచ్చి సొంత మంచం మీద పడుకోవడం. తెనాలి వాళ్లు రైల్లో విజయవాడ వెళ్లి రావచ్చు. పెద్దాసుపత్రి ఆవరణలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం ఉంది. ఆపరేషన్ చేసిన చేయి ముఖ్యం, దానికోసం ఎంత దూరమైనా వెళ్లండి. రేడియేషన్‌ విషయంలో మాత్రం ఆరు వారాలు ఒక్క రోజూ మానకుండా వెళ్లగలగడం ముఖ్యం. మేం ఆపరేషన్ బయట చేయించి, కరెంటు ఇంటి దగ్గర పెట్టించాం. అందుకు ఒక్కనాడూ బాధపడలేదు.

ఇంటి దగ్గరి కేంద్రంలో అడగాల్సింది: మిషన్ కొత్త రకం లీనియర్ యాక్సిలరేటరా, పాత కోబాల్టా? ఐఎంఆర్‌టీ (పక్క భాగాలకి తక్కువ తగిలేలా కిరణాల మోతాదుని మలిచే) పద్ధతిలో ప్లాన్ చేస్తారా? ప్లాన్‌లో ఆపరేషన్ తర్వాతి ఎంఆర్ఐని కలుపుతారా? మిషన్ పాడైతే ఏం చేస్తారు? ఈ జవాబులు బాగుండకపోతే అప్పుడు ఊరు దాటండి.

గామా నైఫ్, సైబర్ నైఫ్ పేర్లు విని చాలామంది వాటి వెంట పడతారు. పేరులో నైఫ్ ఉన్నా కత్తి ఉండదు, గురిపెట్టిన రేడియేషన్ అది. మూడు సెంటీమీటర్లలోపు గుండ్రటి గడ్డలకి, మెదడుకి పాకిన కొద్దిపాటి క్యాన్సర్ మచ్చలకి, చిన్న మెనింజియోమాకి బాగా పనికొస్తుంది. గ్లయోబ్లాస్టోమా వేళ్లు చుట్టుపక్కలకి పాకి ఉంటాయి, దానికి మొదటి వైద్యంగా ఇది సరిపోదు. ప్రోటాన్ మిషన్ చెన్నై అపోలోలో 2019 నుంచి ఉంది. పిల్లల మెదడు గడ్డల్లో చుట్టుపక్కల భాగాలని కాపాడటానికి దాని విలువ ఎక్కువ. పెద్దవాళ్ల గ్లయోబ్లాస్టోమాలో ఆయుష్షు పెంచుతుందని రుజువు కాలేదు. దానికోసం పొలం అమ్మకండి.

డెబ్బై దగ్గరపడిన వాళ్లకి, నీరసంగా ఉన్నవాళ్లకి ఆరు వారాలకి బదులు మూడు వారాల కోర్సు ఉంది, 15 సిట్టింగుల్లో 40 గ్రేలు. అంతకంటే నీరసంగా ఉంటే ఎంజీఎంటీ రిపోర్టు చూసి ఒట్టి మాత్రలో, ఒట్టి కరెంటో ఇస్తారు. తక్కువ రోజులంటే తక్కువ వైద్యం అనుకోకండి.

మాత్రలు

2005లో వచ్చిన పెద్ద పరిశోధనతో గ్లయోబ్లాస్టోమా వైద్యం మారింది. కరెంటు ఒక్కటే పెట్టిన వాళ్లలో సగం మంది 12.1 నెలలు దాటి, కరెంటుతో పాటు టెమోజోలమైడ్ వాడినవాళ్లలో సగం మంది 14.6 నెలలు దాటి బతికారు. రెండేళ్లు దాటినవాళ్లు నూటికి 10 మంది నుంచి 26 మందికి పెరిగారు. ఈ అంకెలు ఇంట్లో ఒక్కరైనా తెలుసుకోవాలి. అప్పుచేసే ముందు, పిల్ల పెళ్లి ముహూర్తం పెట్టుకునే ముందు అవి కావాలి. అలాగని అవి మీ మనిషి జాతకం కాదు. సగం మంది ఆ గీత దాటారు.

కరెంటు రోజుల్లో రోజూ తక్కువ డోసు, తర్వాత 28 రోజులకోసారి ఐదు రోజులు, మామూలుగా ఆరు విడతలు. డోసు ఎత్తు, బరువులని బట్టి. నాన్నకి మొదట రోజుకి 120 మిల్లీగ్రాములు: 100 గొట్టం (క్యాప్సూల్) ఒకటి, 20 గొట్టం ఒకటి. తర్వాత విడతల్లో 320: మూడు 100లు, ఒక 20. అమ్మ చదువుకోలేదు. అందుకని ప్రతి రోజు మాత్రలనీ ఒక చిన్న కవర్లో వేసి క్యాలెండర్‌లో ఆ తేదీ గడికి పిన్ను చేశాను. పొరపాటు జరగలేదు. వాంతి మాత్ర వేసిన గంటకి, ఖాళీ కడుపుతో ఇది వేయాలి. గొట్టం విప్పకూడదు. మన కంపెనీల జనరిక్ టెమోజోలమైడ్ దొరుకుతుంది, డాక్టర్ ఒప్పుకుంటే బ్రాండు కోసం పట్టుబట్టక్కర్లేదు. ఈ వైద్యం ఎక్కడ తీసుకున్నా ఒకటే మాత్ర, కాబట్టి ఫోన్ ఎత్తే డాక్టర్ దగ్గరుండటం మేలు. రక్తపరీక్ష తప్పనిసరి. ప్లేట్లెట్లు లక్ష లోపు ఉంటే విడత వాయిదా వేస్తారు, కంగారుపడకండి. జ్వరం వస్తే మాత్రం అదే రోజు చూపించాలి. కాలు ఒకటి వాచి నొప్పి పెడితే కూడా అంతే.

ఆకు పసరు, భస్మాలు ఇస్తామనే వాళ్లు తప్పకుండా ఇంటికొస్తారు. వైద్యం మానేసి వాటి వెంట వెళితే పోగొట్టుకునే రోజులు తిరిగిరావు. వైద్యంతో పాటు వాడాలన్నా ముందు డాక్టర్‌కి చూపించండి. కాలేయం దెబ్బతింటే టెమోజోలమైడ్ ఆపేయాల్సి వస్తుంది.

డబ్బు

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మునుపటి ఆరోగ్యశ్రీ, వర్తించే ఆసుపత్రి అని బోర్డు ఉన్నంత మాత్రాన సరిపోదు. న్యూరోసర్జరీకి ఉందా, రేడియేషన్‌కి ఉందా అని విడివిడిగా అడగాలి. కౌంటరు దగ్గరుండే ఆరోగ్యమిత్రని చేరిన రోజే కలవండి. ఆపరేషన్ అయ్యాక అడిగితే కష్టం. పథకంలో రానిదానికి ముఖ్యమంత్రి సహాయనిధి దరఖాస్తు ఉంది. బయటి ఊరు వెళ్లక తప్పకపోతే, వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీలో పూర్తి రాయితీ ఉంటుంది, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం. ఆసుపత్రి నుంచి రైల్వే ఫారం రాయించుకోవాలి.

మళ్లీ పెరిగిందంటే

కరెంటు అయిన మొదటి మూడు నెలల్లో స్కాన్ పాడైనట్టు కనబడితే అది కరెంటు ప్రభావమే కావచ్చు, నిజంగా పెరగడం కాకపోవచ్చు. ఆ ఒక్క స్కాన్ చూసి మాత్రలు ఆపేయాలన్న నిర్ణయానికి రాకండి. పెర్ఫ్యూజన్ ఎంఆర్ఐ (గడ్డలో రక్తప్రసరణ చూపే స్కాన్) గురించి అడగండి, కొన్ని వారాలాగి మళ్లీ తీయించండి.

నిజంగానే పెరిగితే రెండో ఆపరేషన్, మళ్లీ కరెంటు, బెవాసిజుమాబ్ ఇంజెక్షన్, లేదా బాధ లేకుండా చూసుకోవడం, ఇవీ దారులు. బెవాసిజుమాబ్ వాపు తగ్గించి మనిషిని కొన్నాళ్లు తేలికపరుస్తుంది, ఆయుష్షు పెద్దగా పెంచదు. ఇక్కడ అడగాల్సినవి రెండే. ఇది చేస్తే ఎన్ని రోజులు ఆసుపత్రిలో, ఎన్ని రోజులు ఇంట్లో? ఇది చేశాక నడవగలరా, అన్నం తినగలరా?

నాన్నకి పదహారో నెలలో పెరిగింది. మాట అప్పటికి తక్కువైంది కానీ అర్థమయ్యేది. డాక్టర్ రెండో ఆపరేషన్ గురించి ఆయన ముందే చెప్పారు, మమ్మల్ని బయటికి పిలిచి కాదు. నాన్న తల అడ్డంగా ఊపి, చేత్తో ఇంటివైపు చూపించారు. ఆ తర్వాత డెక్సా, ఫిట్స్ మందు, నొప్పి మందు, రెండు గంటలకోసారి పక్క మార్చడం, గాలి పరుపు. వారానికోసారి నర్సు వచ్చేది. సాయంత్రాలు మంచం వరండాలో వేసేవాళ్లం. యార్డు నుంచి లారీలు వెళ్తుంటే కళ్లు తెరిచి, వేళ్లు మడుస్తూ ఏదో లెక్కపెట్టేవారు.